చూపు ఎవరిది? – మాన్యువేలా మార్తెల్లి సినిమాలు

చిలీ సినిమా '1976' చూసిన తర్వాత మా మిత్రబృందంలో పెద్ద చర్చే జరిగింది. ఒక మిత్రుడు గట్టిగా అభ్యంతరం చెప్పాడు. "నియంతృత్వం మీద సినిమా తీస్తూ డాక్టరుగారి భార్యనీ, సముద్రం ఒడ్డున సొంత ఇల్లున్న ఆవిడనీ కథానాయికని చెయ్యడమేమిటి? చిత్రహింసలు పడిందెవరు? మాయమైపోయిందెవరు? గోడలకి ఏ రంగు వెయ్యాలా అని ఆలోచించే మనిషి చుట్టూ కెమెరా తిప్పితే అది ప్రజల పక్షాన నిలిచిన కళ అవుతుందా?" అన్నాడు.

ప్రశ్న న్యాయమైనదే. చాలాకాలంగా మనం సాహిత్యంలో వేసుకుంటున్న ప్రశ్నే ఇది. వస్తువు ఎవరిది, దృక్కోణం ఎవరిది, ఈ రెండింటికీ ఉన్న సంబంధమేమిటి అన్నది అభ్యుదయ విమర్శకి కొత్త సమస్య కాదు. ఆవేళ నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచించగా నాకు తోచిందేమిటంటే, ఈ ఒక్క సినిమాని విడిగా పెట్టి చూస్తే సమాధానం దొరకదు. దీన్ని తీసిన మాన్యువేలా మార్తెల్లి మొదట నటి. నటిగా ఆమె ఏ పాత్రలో నిలబడింది, ఆ పాత్రని ఎవరి కళ్ళు చూశాయి, దర్శకురాలయ్యాక ఆమె కెమెరాని ఎక్కడ పెట్టింది అన్న క్రమాన్ని మొత్తంగా చూడాలి. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

మార్తెల్లి 1983లో సాంతియాగోలో పుట్టింది. అంటే 1973 సెప్టెంబర్ 11న అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసిన పదేళ్ళకి. పినోషే పాలన 1990 దాకా సాగింది. కాబట్టి ఆమెది కుట్రని కళ్ళారా చూసిన తరం కాదు, కుట్ర తర్వాతి మౌనంలో పెరిగిన తరం. ఈ తేడాని గుర్తుపెట్టుకోవాలి. పత్రిసియో గుస్మాన్ 'చిలీ సమరం' తీసినప్పుడు సంఘటనలు ఆయన కళ్ళెదుట జరుగుతున్నాయి. మిగెల్ లిత్తిన్ ప్రవాసం నుంచి 1985లో మారువేషంలో స్వదేశానికి వెళ్ళి రహస్యంగా చిత్రీకరణ జరిపాడు. వాళ్ళది సాక్షుల కళ. మార్తెల్లి తరానికి ఆ అవకాశం లేదు. ఇళ్ళలో పెద్దవాళ్ళు సగం చెప్పి ఆపేసిన మాటల్లోంచి, అసలు చెప్పని మాటల్లోంచి ఈ తరం చరిత్రని వెతుక్కోవలసి వచ్చింది.

ఆమె తొలి చిత్రం గొన్సాలో హుస్తినియానో తీసిన 'బి-హ్యాపీ' (2003). తండ్రి జైల్లో ఉండి, తల్లి చనిపోయి, లోకంలో ఒంటరిగా మిగిలిన కాథీ అనే పద్నాలుగేళ్ళ పేదపిల్ల పాత్ర ఆమెది. ఆ పాత్రకి హవానా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. సినిమా అంతా ఆ పిల్ల ముఖం మీదే నడుస్తుంది. కన్నీళ్ళతో జాలి పుట్టించే మార్గం ఎంతో సులువు. మార్తెల్లి ఆ మార్గం తొక్కలేదు. ఆమె కాథీ దెబ్బలు తింటుంది, లెక్క వేసుకుంటుంది, ముందుకి నడుస్తుంది. పేదరికాన్ని దయనీయంగా కాకుండా రోజువారీ బతుకుగా చూపిన నటన అది.

మరుసటి ఏడు వచ్చిన ఆండ్రెస్ వుడ్ చిత్రం 'మచూకా' (2004) ఆమెని ప్రపంచానికి పరిచయం చేసింది. కథ 1973లో, కుట్రకి ముందు నెలల్లో సాంతియాగోలో జరుగుతుంది. ధనికుల పిల్లలు చదివే ఒక క్రైస్తవ పాఠశాలలో ప్రిన్సిపాలు ఫాదర్ మకెన్రో గుడిసెల వాడ పిల్లలకి కూడా ప్రవేశం కల్పిస్తాడు. సెయింట్ జార్జ్ పాఠశాలలో నిజంగా ఈ ప్రయోగం చేసిన ఫాదర్ హెరార్దో వీలన్ ఆ పాత్రకి మూలం. దర్శకుడు వుడ్ ఆ బడిలోనే చదువుకున్నాడు. ధనిక కుటుంబపు పిల్లవాడు గొన్సాలో, గుడిసెల వాడ పిల్లవాడు పేద్రో మచూకా స్నేహితులవుతారు. ఆ వాడలోనే ఉండే సిల్వానా పాత్ర మార్తెల్లిది. సిల్వానా తండ్రి ఊరేగింపుల్లో జెండాలు అమ్ముతాడు. ఈరోజు వామపక్షం ఊరేగింపులో ఆ జెండాలు, రేపు దానికి వ్యతిరేకుల ఊరేగింపులో ఈ జెండాలు. ఆ పిల్లకి రాజకీయాలు మొదట కూటికోసం వచ్చిన పని. కాని తాను ఎటువైపు మనిషో ఆమెకి స్పష్టంగా తెలుసు. గొన్సాలో ముఖం మీదే వాడి వర్గమేమిటో చెప్పగలిగిన పిల్ల ఆమె.

కుట్ర తర్వాత సైన్యం గుడిసెల వాడ మీద దాడి చేస్తుంది. తండ్రిని కొడుతుంటే అడ్డుపడిన సిల్వానాని సైనికుడు కాల్చి చంపుతాడు. గొన్సాలో అక్కడే ఉన్నాడు. వాణ్ణి కూడా ఆ వాడ పిల్లవాడే అనుకుని సైనికుడు పట్టుకుంటే, వాడు తన ఒంటి మీది బట్టలూ కాళ్ళకున్న బూట్లూ చూపించి తాను ఈ వాడవాణ్ణి కానని చెప్పి బయటపడతాడు. స్నేహమంతా ఏమైంది? ఆ ఒక్క క్షణంలో బూట్లు స్నేహాన్ని గెలిచాయి. వర్గమంటే ఏమిటో ఇంతకన్నా సూటిగా చెప్పిన సన్నివేశాలు సినిమాల్లో నేను ఎక్కువ చూడలేదు.

'మచూకా' గొప్ప సినిమా అనడంలో నాకు సందేహం లేదు. చిలీలో ఎందరో దాన్ని చూశారు, కుట్ర గురించి బహిరంగంగా మాట్లాడుకోవడానికి అది దారి తీసింది. అయితే ఒక విషయం గమనించాలి. సినిమాకి పేదపిల్లవాడి పేరు పెట్టారు, చూపు మాత్రం ధనికుల పిల్లవాడిది. గుడిసెల వాడని మనం గొన్సాలోతో పాటు మొదటిసారి చూస్తాం. సిల్వానాని వాడి కళ్ళతోనే ఇష్టపడతాం, ఆమె చావుని వాడి కళ్ళతోనే చూస్తాం. వాడు సైకిలెక్కి తన ఇంటికి పోగానే మనం కూడా పోతాం. పేద్రో తర్వాత ఏమయ్యాడో సినిమాకి తెలియదు, ఎందుకంటే గొన్సాలోకి తెలియదు.

ఇది వుడ్ చేసిన తప్పని నేననను. తాను ఎక్కడినుంచి చూశాడో అక్కడినుంచే చూపించాడు. అది నిజాయితీ. కాని ఆ దృక్కోణంలో ఒక సౌకర్యం ఉంది. గొన్సాలో పసివాడు. పసివాడికి బాధ్యత ఉండదు. వాడి పారిపోవడాన్ని మనం క్షమిస్తాం, వాడి కన్నీళ్ళు మన కన్నీళ్ళవుతాయి, హాలు బయటికి వచ్చాక మనసు తేలికపడుతుంది. ఆ రోజుల్లో పెద్దవాళ్ళయి ఉండి, అన్నీ తెలిసి ఉండి, చూడనట్టు ఊరుకున్న వాళ్ళ సంగతేమిటి? ఈ ప్రశ్న 'మచూకా'లో పక్కకి జరిగింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత దాన్ని మళ్ళీ మధ్యకి తెచ్చింది, ఆ సినిమాలో తూటా తిన్న పిల్ల పాత్ర వేసిన నటే.

ఈ మధ్యకాలంలో ఆమె ఖాళీగా లేదు. వుడ్ తీసిన 'లా బుయేనా వీదా' (2008)లో, సెబాస్తియాన్ లేలియో 'నవిదాద్' (2009)లో నటించింది. రొబెర్తో బొలాన్యో చిన్న నవల ఆధారంగా అలీసియా షెర్సన్ తీసిన 'ఇల్ ఫుతూరో' (2013)లో ప్రధాన పాత్ర ఆమెదే. రోములో తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న బియాంకా అనే అమ్మాయి, కళ్ళు పోయి వయసు మళ్ళిన ఒక పాత సినిమా నటుడి ఇంట్లో దాచిన డబ్బు కోసం అతని దగ్గర చేరుతుంది. ఆ వృద్ధ నటుడిగా రట్గర్ హవర్ వేశాడు. ఈ చిత్రంలో మార్తెల్లి ఎక్కువ మాట్లాడదు. మాట లేని చోట ముఖం ఎంత చెప్పగలదో ఇక్కడ ఆమె బాగా పట్టుకుంది. తర్వాత దర్శకురాలిగా ఆమెకి ఇదే పెట్టుబడి అయింది.

నటిగా పేరున్న రోజుల్లోనే ఆమె అమెరికా వెళ్ళి ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో సినిమా చదివింది. 'అప్నియా' (2014) అనే లఘుచిత్రం తీసింది. ఆ మరుసటి ఏడు అమీరా తాజ్దీన్‌తో కలిసి 'మారెయా దె తియెర్రా' అనే మరో లఘుచిత్రానికి దర్శకత్వం వహించింది. పేరున్న నటి దర్శకత్వం కూడా ఒకసారి చేసి చూద్దామనుకోవడం వేరు. మళ్ళీ విద్యార్థిగా కూర్చుని, చిన్న చిత్రాలతో చెయ్యి తిప్పుకుని, ఏళ్ళ తరబడి ఒకే స్క్రిప్టు మీద పనిచెయ్యడం వేరు. మన రచయితలు కొందరు పేరు రాగానే చదువు మానేస్తారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆమె మొదటి పూర్తి నిడివి చిత్రం '1976'. 2022 మేలో కాన్ ఉత్సవంలో దర్శకుల పక్షం విభాగంలో మొదటిసారి ప్రదర్శించారు. అదే ఏడు లండన్ ఉత్సవంలో ఉత్తమ తొలి చిత్రానికిచ్చే సదర్లాండ్ బహుమతి దీనికి వచ్చింది. టోక్యోలో కథానాయిక ఆలీన్ కుప్పెన్‌హైమ్‌కి ఉత్తమ నటి బహుమతి వచ్చింది. స్క్రిప్టుని అలెహాంద్రా మొఫాత్‌తో కలిసి రాసుకుంది. తాను ఎన్నడూ చూడని తన అమ్మమ్మ 1976లో చనిపోయిందనీ, ఆమె గురించిన ఆలోచనే ఈ కథకి మూలమనీ మార్తెల్లి చెప్పింది. ఇంట్లో గోడ మీద ఫోటోగా మాత్రమే మిగిలిన ఒక ఆడమనిషి. ఆమె బతికిన కాలం ఎటువంటిది, ఆ ఇంటి తలుపులకి అవతల ఏం జరుగుతోంది అని మనవరాలు అడిగింది.

కథ చెప్పాలంటే కొద్దిదే. కార్మెన్ సాంతియాగోలో ఒక పెద్ద డాక్టరు భార్య, మనవలు కూడా ఉన్న మనిషి. చలికాలంలో సముద్రతీరాన ఉన్న తమ ఇంటికి మరమ్మతులు చేయించడానికి వస్తుంది. అక్కడి చర్చి ఫాదర్ ఒక సాయం అడుగుతాడు. తూటా దెబ్బ తిన్న ఒక యువకుణ్ణి చర్చిలో దాచాడు, అతనికి వైద్యం చెయ్యాలి. కార్మెన్‌కి రెడ్‌క్రాస్‌లో పనిచేసిన అనుభవం ఉంది. ఆ యువకుడు ఎలియాస్ మామూలు దొంగ కాదనీ, ప్రభుత్వం వెతుకుతున్న మనిషనీ ఆమెకి త్వరలోనే అర్థమవుతుంది. మందుల కోసం అబద్ధాలాడుతుంది, అతని సహచరులకి కబురు చేర్చడానికి పోతుంది. భయం కొద్దికొద్దిగా ఆమె ఇంట్లోకి, కారులోకి, టెలిఫోనులోకి వస్తుంది. చివరికి ఆ యువకుణ్ణి ఆమె కాపాడలేకపోతుంది. ఇంట్లో పుట్టినరోజు పండుగ జరుగుతుంటుంది. ఆమె ఆ నవ్వుల మధ్యకి తిరిగి వచ్చి నిలబడాలి.

1976 అనే సంవత్సరాన్ని ఊరికే ఎంచుకోలేదు. కుట్ర జరిగిన వేడిలో చంపిన చావులు వేరు, మూడేళ్ళ తర్వాత ప్రశాంతంగా ఒక కార్యాలయంలో పథకం వేసి మనుషుల్ని మాయం చెయ్యడం వేరు. దీనా అనే రహస్య పోలీసు సంస్థ ఆ ఏడాది అజ్ఞాతంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని వరసగా పట్టుకుని మాయం చేసింది. జూన్‌లో అమెరికా విదేశాంగమంత్రి కిస్సింజర్ సాంతియాగో వచ్చి పినోషేతో సమావేశమయ్యాడు. సెప్టెంబర్ 21న అయెందే మంత్రివర్గంలో పనిచేసిన ఒర్లాందో లెతెలియేర్‌ని వాషింగ్టన్ నడివీధిలో కారుబాంబుతో చంపారు. అదే నెల 12న లా బయేనా సముద్రతీరానికి ఒక స్త్రీ శవం కొట్టుకొచ్చింది. ఆమె మార్తా ఉగార్తె, ఉపాధ్యాయిని, కమ్యూనిస్టు పార్టీ కేంద్రకమిటీ సభ్యురాలు. ఆగస్టులో పట్టుకుపోయి, హింసించి, హెలికాప్టర్ నుంచి సముద్రంలో పారేశారు. సాంతియాగో పత్రికలు దాన్ని ప్రేమ వ్యవహారంలో జరిగిన హత్యగా రాశాయి. '1976'లో కూడా తీరానికి ఒక శవం వస్తుంది. చిలీ ప్రేక్షకుడికి అది ఎవరిని గుర్తు చేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పత్రికలు చదివి, నమ్మి, లేదా నమ్మినట్టు నటించి, మడిచి పక్కన పెట్టిన ఇళ్ళు ఉన్నాయి కదా, ఈ సినిమా ఆ ఇళ్ళ గురించి. కార్మెన్ చుట్టూ ఉన్న బంధువులూ స్నేహితులూ రాక్షసులు కారు. మర్యాదస్థులు, మనవల్ని ముద్దుచేసేవాళ్ళు. భోజనాల దగ్గర దేశం బాగుపడిందని చెప్పుకుంటారు, అంతే. నియంతృత్వం తుపాకీ మీద ఎంత నిలబడుతుందో ఈ భోజనాల బల్ల మీద కూడా అంతే నిలబడుతుంది. ఈ మాటని ఉపన్యాసంగా కాకుండా వడ్డనలూ పలకరింపులూ నడుమ చూపించింది మార్తెల్లి.

ఇక్కడ శిల్పం గురించి కొంత చెప్పాలి. శిల్పం గురించి మాట్లాడితే చాలు రూపవాదమని అనుమానించే అలవాటు మనలో కొందరికి ఉంది. ఈ సినిమాలో శిల్పమే దృక్పథం. మొదటి సన్నివేశంలో కార్మెన్ రంగుల దుకాణంలో ఉంటుంది. ఒక పుస్తకంలో బొమ్మ చూపించి, ఆ గులాబీ ఛాయ కావాలంటుంది. దుకాణదారు రంగులు కలుపుతున్నాడు. ఇంతలో బయట వీధిలో గొడవ, ఒక ఆడమనిషి కేక. ఎవరినో బలవంతంగా పట్టుకుపోతున్నారు. కెమెరా బయటికి పోదు. దుకాణంలో అందరూ ఒక్క క్షణం ఆగి, మళ్ళీ పనిలో పడతారు. కార్మెన్ బూటు మీద ఒక రంగు చుక్క పడుతుంది. ఆమె బయటికి వచ్చేసరికి కారు దగ్గర ఒంటి చెప్పు పడి ఉంటుంది.

దర్శకురాలు ఆ స్త్రీని ఎందుకు చూపించలేదు? చూపిస్తే మనం వెంటనే ఆమె పక్షాన చేరిపోతాం. మనకి పని తేలికవుతుంది. చూపించకపోవడం వల్ల మనం దుకాణంలోనే, కార్మెన్‌తోనే ఉండిపోతాం. మనం కూడా విన్నాం, మనం కూడా బయటికి పోలేదు. 'మచూకా'లో బూట్లు ఒక పిల్లవాణ్ణి కాపాడాయి. ఇక్కడ ఒక ఆడమనిషి బూటు మీద రంగు చుక్క, ఇంకొక ఆడమనిషి చెప్పు రోడ్డు మీద. ఈ పోలికని మార్తెల్లి ఉద్దేశించిందో లేదో నాకు ముఖ్యం కాదు. రెండు సినిమాలూ చూసినవాడికి వర్గం మళ్ళీ కాళ్ళ దగ్గరే కనిపిస్తుంది.

ఇంకొక విషయం ఉంది. '1976'లో కార్మెన్‌గా వేసిన ఆలీన్ కుప్పెన్‌హైమే 'మచూకా'లో గొన్సాలో తల్లిగా వేసింది. ఆ సినిమాలో ఆమె అయెందేకి వ్యతిరేకంగా వీధుల్లోకి వచ్చిన సంపన్న స్త్రీలలో ఒకతె. ఊరేగింపులో సిల్వానాకీ ఆమెకీ ఘర్షణ కూడా జరుగుతుంది. వీధిలో ఎదురెదురు నిలబడ్డ ఆ ఇద్దరు నటీమణుల్లో చిన్నది పెరిగి దర్శకురాలై, పెద్దామెని తన సినిమాకి కథానాయికగా పెట్టుకుంది. ఆనాటి దర్శకుడు వుడ్ '1976' నిర్మాతల్లో ఒకడు. ఇదంతా యాదృచ్ఛికమని నేననుకోను. గుడిసెల వాడ పిల్ల వెనక్కి తిరిగి ఆ కారులోని ఆవిడ ముఖంలోకి చూసి, "ఆ తర్వాత మీరేం చేశారు?" అని అడిగినట్టుంది.

చరిత్రలో ఆ స్త్రీలు ఏం చేశారో మనకి తెలుసు. 1971 డిసెంబర్‌లో సాంతియాగోలో సంపన్న, మధ్యతరగతి స్త్రీలు ఖాళీ గిన్నెలు మోగిస్తూ అయెందే ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపు తీశారు. కుట్రకి సామాజికమైన రంగం సిద్ధం చేసినవాటిలో ఆ గిన్నెల చప్పుడు కూడా ఒకటి. తర్వాత ఆ గిన్నెలు అల్మరాల్లోకి వెళ్ళిపోయాయి, ఆ స్త్రీలు ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. పినోషే వాళ్ళకి చెప్పిందేమిటి? మీ పని అయిపోయింది, ఇక మీరు తల్లులుగా, భార్యలుగా ఉండండి. కార్మెన్‌ని మార్తెల్లి ఈ స్థితిలో పట్టుకుంది. ఆమె పాలకవర్గపు మనిషే, కాని ఆ వర్గంలో ఆమెకున్న స్థానం అలంకారం లాంటిది. వైద్యం ఆమెకి తెలుసు, డాక్టరు మాత్రం భర్త. డబ్బు ఉంది, దాన్ని ఖర్చుపెట్టే స్వేచ్ఛ గోడల రంగు ఎంచుకునేవరకే. ఎలియాస్ గాయానికి కట్టు కడుతున్నప్పుడు ఆమె చేతులకి ఏళ్ళ తర్వాత పని దొరుకుతుంది. స్త్రీ అణచివేత ఎక్కడ వర్గ అణచివేతతో కలుస్తుందో, ఎక్కడ విడిపోతుందో ఈ పాత్రలో విడమరచి చూడవచ్చు. మార్తెల్లి ఆమెని నాయికగా నిలబెట్టలేదు, దోషిగా నిలబెట్టి రాళ్ళూ వెయ్యలేదు.

ఇప్పుడు మిత్రుడి అభ్యంతరానికి వస్తాను. కార్మెన్‌ని ఎంచుకోవడం ప్రజల పక్షం నుంచి వెనకడుగు కాదని నా అభిప్రాయం. పీడితుల బాధని చిత్రించడం ఒక బాధ్యత. ఆ బాధని సాధ్యం చేసిన సామాజిక వ్యవస్థని, అందులో "తటస్థుల" పాత్రని బయటపెట్టడం ఇంకొక బాధ్యత. మొదటిది చేసి రెండవది వదిలేస్తే చదువరి కన్నీళ్ళు కార్చి, తాను మంచివాణ్ణని తృప్తిపడి, నిద్రపోతాడు. 'మచూకా' చూసి ఏడ్చినవాళ్ళలో, 1973లో గొన్సాలో ఇంట్లో ఉన్నవాళ్ళూ ఉంటారు. '1976' వాళ్ళకి ఆ ఏడుపు అవకాశం ఇవ్వదు. ఆఖరున కార్మెన్ ముఖం మీద మనం చూసే మౌనం వాళ్ళ మౌనమే.

అయినా మిత్రుడి మాటలో నిజం లేకపోలేదు. ఈ చిత్రానికి పరిమితులున్నాయి, వాటిని దాచడం విమర్శకుడి పని కాదు. ఎలియాస్ పాత్ర బలహీనం. అతను ఎక్కడివాడు, ఏ పనిచేస్తాడు, ఏ నమ్మకం కోసం ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు అన్నది మనకి దాదాపు తెలియదు. అతను గాయంగా ఉన్నంత స్పష్టంగా మనిషిగా లేడు. ఇంట్లో పనిమనిషి ఉంది, ఆమెకి ఏం తెలుసో, ఆమె వాళ్ళ గురించి ఏమనుకుంటోందో సినిమా అడగదు. 'మచూకా'లో గొన్సాలో చూపుకున్న హద్దే ఇక్కడ కార్మెన్ చూపుకీ ఉంది. సిల్వానా ఈ సినిమాలోకి వస్తే వంటింటి దాకానే వస్తుంది. సిల్వానాగా వేసిన మనిషి తీసిన చిత్రంలో ఈ లోటు మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అదీగాక ఆ కాలంలో ప్రతిఘటన కార్మెన్ లాంటివాళ్ళ దయ మీద ఆధారపడి జరగలేదు. 1976 జనవరిలో కార్డినల్ సిల్వా ఎన్రీకెస్ నెలకొల్పిన 'వికారియా దె లా సొలిదారిదాద్' అనే సంఘీభావ సంస్థ నీడలో, మాయమైనవాళ్ళ తల్లులూ భార్యలూ చెల్లెళ్ళూ సంఘటితమయ్యారు. పాత గుడ్డముక్కలు కుట్టి జైళ్ళనీ మాయమైనవాళ్ళనీ చిత్రించే 'అర్పియేరా'లు తయారుచేసి దేశం బయటికి పంపారు. పేటల్లో పేద స్త్రీలు ఉమ్మడి వంటలు నడిపారు. సంపన్న స్త్రీల ఖాళీ గిన్నె ఒకవైపు, పేద స్త్రీల ఉమ్మడి గిన్నె ఇంకొకవైపు. ఈ రెండవ గిన్నె '1976'లో లేదు. సినిమాలో ప్రతిఘటన అంటే ఒక ఫాదరు, ఒక గాయపడ్డ యువకుడు, కొందరు నీడల్లాంటి మనుషులు. అందువల్ల చూసేవాడికి ఓటమి ఒక్కటే మిగిలే ప్రమాదముంది. కాని పినోషే 1988 ప్రజాభిప్రాయ సేకరణలో ఓడిపోయాడు. ఆ ఓటమి ఆకాశం నుంచి ఊడిపడలేదు, పేటల్లోని ఈ స్త్రీలు కూడా దాన్ని కట్టారు.

ఒక్క చిత్రం అన్నీ చెప్పాలనడం సబబు కాదు, నిజమే. ఏది చెప్పలేదో గుర్తించకపోతే మాత్రం మెచ్చుకోలు భజన అవుతుంది.

ఈ సినిమా గతం గురించి మాత్రమే కాదనడానికి చిలీ వర్తమానమే సాక్ష్యం. సినిమా విడుదలైన 2022లోనే, పినోషే కాలపు 1980 రాజ్యాంగం స్థానంలో ప్రతిపాదించిన కొత్త రాజ్యాంగాన్ని సెప్టెంబర్ ఓటింగులో దాదాపు 62 శాతం మంది తిరస్కరించారు. 2025 డిసెంబర్ అధ్యక్ష ఎన్నికల్లో, పినోషే పాలనని బాహాటంగా మెచ్చుకున్న హోసే ఆంటోనియో కాస్ట్ గెలిచాడు. 3,000 మందికి పైగా చంపి, మాయం చేసిన పాలనని ప్రభుత్వ కమిషన్లే నమోదు చేసిన దేశంలో ఇది జరిగింది. ఎలా జరిగిందని ఆశ్చర్యపోయేవాళ్ళు '1976'లోని భోజనాల బల్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. ఆ బల్ల దగ్గరి మనుషులు ఎక్కడికీ పోలేదు.

మనం మాత్రం ఏం తక్కువ? ఆ 1976 మనకీ ఎమర్జెన్సీ సంవత్సరమే. 1975 డిసెంబర్ 1న భూమయ్యనీ కిష్టాగౌడ్‌నీ ఉరితీశారు. రచయితలు జైళ్ళలో ఉన్నారు. అదే సమయంలో రైళ్ళు వేళకి నడుస్తున్నాయనీ ఆఫీసుల్లో గుమాస్తాలు టైముకి వస్తున్నారనీ సంతోషించిన ఇళ్ళు మన ఊళ్ళలో లేవా? ఎమర్జెన్సీ బాధితుల మీద కవిత్వం వచ్చింది, రావలసిందే. ఆ సంతోషించిన ఇళ్ళలోపలికి వెళ్ళి, కాఫీ తాగుతూ పేపరు మడిచిన చేతుల్ని చూపించిన కథలు మనకి ఎన్ని ఉన్నాయి? మధ్యతరగతి ఆత్మవంచనని జీవితమంతా శోధించిన కొడవటిగంటి కుటుంబరావు దారి మనకుంది. ఆ దారిలో నడిచింది కొద్దిమంది.

మన రచయితల్లో ఎక్కువమంది మధ్యతరగతి నుంచి వచ్చినవాళ్ళే, నాతో సహా. పేదవాళ్ళ గురించి రాయాలని మనకి తపన ఉంది. రాయాలి కూడా. కాని చాలాసార్లు మనం గొన్సాలోలా వాడలోకి పోతాం, చూస్తాం, ఏడుస్తాం, సైకిలెక్కి వచ్చేస్తాం. మన ఇంటిని మాత్రం వస్తువు కాకుండా కాపాడుకుంటాం. మార్తెల్లి పదేళ్ళు పేదపిల్లగా, అనాథగా, చచ్చిపోయినపిల్లగా తెర మీద ఉండి, తన మొదటి సినిమా తియ్యబోయేసరికి తన అమ్మమ్మ ఇంటి తలుపు తెరిచింది. ఆ ధైర్యం నేర్చుకోదగింది. ఆ తలుపు తెరిచాక వంటింటి దాకా పోయి ఆగిపోయిన చోటు కూడా మనం గుర్తుపెట్టుకోదగింది. అక్కడినుంచి ముందుకి పోవడం ఆమె చెయ్యాల్సిన పనీ, మనం చెయ్యాల్సిన పనీ.

'మచూకా'నీ '1976'నీ ఒకదాని తర్వాత ఒకటి చూడమని కథకులనీ సాహిత్య విద్యార్థులనీ కోరుతున్నాను. చూసి, నా మిత్రుడి పక్షాన గాని నా పక్షాన గాని నిలబడి వాదించండి. ఈ చర్చ ఇక్కడితో ముగిసిపోవాలని నేను కోరుకోవడం లేదు.